బొమ్మను ఆపడం నేర్చుకుందాం



పటం కథ మీరు చూశారా? కథ చెప్పే ఆయన పొడుగాటి గుడ్డ పటం తెస్తాడు. అది చాప లాగా చుట్టి ఉంటుంది. దాన్ని ఊరి నడుమ వేలాడదీస్తాడు. కొంచెం విప్పుతాడు. ఒక బొమ్మ కనబడుతుంది. కట్టెతో ఆ బొమ్మను చూపిస్తూ కథ చెబుతాడు, పాట పాడుతాడు. ఆ కథ అయిపోయినాక ఇంకొంచెం విప్పుతాడు. మరో బొమ్మ వస్తుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఇలాంటి పటాలు గీసే నకాషీ కళాకారులు ఉన్నారు. ఒక్కో పటం చాలా గజాల పొడవు ఉంటుంది. దాని మీద కథ అంతా వరుసగా ఉంటుంది.

పటం కథలో ఒక సుఖం ఉంది. "అయ్యా, ఆ బొమ్మ ఇంకోసారి చూపియ్యి" అని ఎవరైనా అడిగితే ఆయన ఆపుతాడు. మళ్లీ చూపిస్తాడు.

ఇప్పుడు పటం ఫోనులోకి, కంప్యూటర్‌లోకి వచ్చింది. దాని పేరు స్లైడ్ షో. ఫొటోలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. కొన్ని క్షణాలు నిలబడతాయి. తరవాత పోతాయి. ఇక్కడ పటం విప్పే మనిషి లేడు. చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ పని చేస్తుంది.

ఈ పాఠంలో మూడు పనులు నేర్చుకుందాం. బొమ్మలను వరుస పెట్టడం. నడపడం. ఆపడం. మూడింటిలో ఆపడమే ముఖ్యం. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

బ్రౌజర్ అంటే ఏమిటి?

ప్రోగ్రాం అంటే యంత్రం ఏ పని తరవాత ఏ పని చేయాలో ముందే రాసి పెట్టింది. బ్రౌజర్ కూడా ఒక ప్రోగ్రాం. అది పేజీలు తెరిచి చూపిస్తుంది. క్రోమ్ ఒక బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ ఇంకొకటి. మీ ఫోనులో క్రోమ్ గుర్తు గుండ్రంగా ఉంటుంది. చుట్టూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. నడుమ నీలం చుక్క.

టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1990లో మొదటి బ్రౌజర్ రాశాడు. ఆ రోజుల్లో ఆ పేజీల మీద ఎక్కువగా అక్షరాలే ఉండేవి. 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చింది. రాత పక్కనే బొమ్మను కూడా ఒకే పేజీలో చూపింది. అప్పటి నుంచి బ్రౌజర్లు జనంలోకి వేగంగా పోయాయి. 1995లో జావాస్క్రిప్ట్ అనే కొత్త భాష వచ్చింది. అది మనుషులు మాట్లాడే భాష కాదు, యంత్రానికి పని చెప్పే భాష. దానితో పేజీలో మీటలు పెట్టవచ్చు. మీట నొక్కితే బొమ్మ మారేలా చేయవచ్చు.

చూశారా, బ్రౌజర్ ముందు అక్షరాలు నేర్చింది, తరవాత బొమ్మలు. మనం అట్లా కాదు. వాచకంలో ముందు బొమ్మ చూశాం. తరవాత దాని కింది అక్షరం పట్టుకున్నాం. ఇప్పుడు మనకు రెండూ వచ్చు. కాబట్టి ఈ పని మనకు కష్టం కాదు.

ఒక చిన్న పనిముట్టు

కంప్యూటర్‌లో పెద్ద ప్రోగ్రాంలు ఉంటాయి. అవి సంత లాంటివి. అన్నీ దొరుకుతాయి, కానీ కావలసింది వెతుక్కోవాలి. చిన్న ప్రోగ్రాంలు సూది లాంటివి. ఒక్కటే పని చేస్తాయి. దాన్ని బాగా చేస్తాయి.

బ్రౌజర్‌లో ఫొటోలను వరుసగా చూపే ప్రోగ్రాం అలాంటి సూది. అది చిన్న పేజీ. కంప్యూటర్ చదివే పిల్లలు దాన్ని రాయగలరు. పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఏ కంప్యూటర్‌లోనైనా తెరవవచ్చు. ఫొటోలు ఆ కంప్యూటర్‌లోనో, పెన్ డ్రైవ్‌లోనో ఉంటే నెట్ కూడా అక్కర లేదు. బ్రౌజర్ నెట్‌లోని పేజీలనే కాదు, మన దగ్గర ఉన్న పేజీలను కూడా తెరుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

చాలా ఫోన్లలో ఫొటోలు చూసే చోటనే స్లైడ్ షో ఉంటుంది. పైన మూలకు మూడు చుక్కలు ఉంటాయి. అక్కడ నొక్కితే ఒక పట్టిక తెరుచుకుంటుంది. అందులో స్లైడ్ షో అని ఉందేమో చూడండి.

సున్నకు విలువ లేదా?

గద్వాలలో ఒక నేత ఇల్లు అనుకుందాం. ఇంటి పెద్దమ్మ కండెలు చుడుతున్నది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. పక్కింటి అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, మన చీర ఫొటోలు ఇండ్ల పెట్టిన. చూద్దువు రా."

"నాకేం తెలుస్తది బిడ్డా? నువ్వే చూపియ్యి."

"గట్ల కాదు. నువ్వే నడుపు. ఈ మూడు మూలల గుర్తు ఉంది గదా, ఆడ నొక్కు."

పెద్దమ్మ నొక్కింది. మొదట చీర మొత్తం కనబడింది. రెండో బొమ్మలో మగ్గం వచ్చింది. మూడో బొమ్మలో చీర మీది గుర్తు చీటీ వచ్చింది. ఆ తరవాత ధర రాసిన కాగితం వచ్చింది. అంచు, కొంగు ఇంకా రాలేదు.

"ఇదేంది బిడ్డా? చీర సూపకముందే ధర చెప్తుందేంది? ధర ఆఖరుకు గదా రావాలె!"

"మంచిగ పట్టినవ్ పెద్దమ్మా. ఇగ ఫొటోల పేర్లు చూడు. నేను అంకెలు పెట్టిన. వరుసగ చదువు."

పెద్దమ్మ వేలు పెట్టి చదివింది. "1, 10, 11, 12, 2, 3, 4... అరె! ఒకటి వెనుక పది ఎట్ల వస్తది? రెండు రావాలె గదా."

"మనకు అంకె అంటే లెక్క. ఈ ప్రోగ్రాంకు అంకె అంటే వట్టి అక్షరం. మొదటి అక్షరం ఒక్కటే ముందు చూస్తది. ఒకటితోని మొదలైనయన్నీ ఒక్క తావున పెడ్తది. తరవాత రెండుతోని మొదలైనయి పెడ్తది."

"బడిల 'అ' తోని మొదలయ్యే పేర్లన్నీ ముందు రాసినట్టా?"

"అచ్చం గట్లనే."

"మరి ఏం చెయ్యాలె?"

"ఒకటి ముందట సున్న పెట్టు. 01, 02, 03 అని రాయి. తొమ్మిది దాకా గట్లనే. పది నుంచి సున్న అక్కర లేదు."

పెద్దమ్మ నవ్వింది. "ముందట సున్న పెడ్తే విలువ లేదని చదువుల చెప్పిండ్రు గదా!"

"విలువ మారదు పెద్దమ్మా. వరుస మారుతది."

పేర్లు మార్చారు. మళ్లీ నడిపారు. ఈసారి చీర మొత్తం, అంచు, కొంగు, ఒంటి భాగం అనుకున్న వరుసలోనే వచ్చాయి. ఐదో బొమ్మ రాగానే పెద్దమ్మ గట్టిగా అన్నది.

"ఆపు, ఆపు! గది ఆపు!"

"నువ్వే ఆపు పెద్దమ్మా. రెండు నిలువు గీతలు ఉన్నయి చూడు. ఆడ నొక్కు."

పెద్దమ్మ నొక్కింది. బొమ్మ నిలబడింది. అది అంచు, ఒంటి భాగం కలిసే చోటు.

"ఇది మా కష్టం బిడ్డా. కొనేటోళ్లు ఈడ ఆగకపోతే, మా చీర ఏందో వాళ్లకెట్ల తెలుస్తది?"

ఆ చోట ఏముంది?

గద్వాల చీర పేరు దేశమంతా తెలుసు. సంస్థానం కాలం నుంచి ఇక్కడ నేత ఉంది. పాత పద్ధతి గద్వాల చీరలో ఒంటి భాగం నూలుతో ఉంటుంది. అంచు, కొంగు పట్టుతో ఉంటాయి. వాటి మీద జరీ పని ఉంటుంది. నూలు వేరు, పట్టు వేరు. రెండింటినీ మగ్గం మీదనే కలుపుతారు. ఒంటి పేక పోగును, అంచు పేక పోగును ఒకదానిలో ఒకటి మెలివేసి నేస్తారు. దీన్ని కుట్టు అంటారు. పేరు కుట్టు, కానీ సూదితో కుట్టేది కాదు. ప్రతి వరుసకు చేత్తో కలిపేది. అందుకే పని నెమ్మదిగా సాగుతుంది. అందుకే కూలి పెరుగుతుంది. అందుకే ధర పెరుగుతుంది.

దూరం నుంచి తీసిన ఫొటోలో కుట్టు కనబడదు. దగ్గర నుంచి తీసిన ఫొటో కావాలి. చీర తిరగేసి తీసిన ఫొటో కూడా కావాలి. ఆ ఫొటోలు రెండు క్షణాల్లో మాయమైతే లాభం లేదు. కొనేవాళ్లకు చేనేత చీర, మర మీద నేసిన నకలు చీర ఒకటే అనిపిస్తాయి. అప్పుడు తక్కువ ధర ఉన్నదే కొంటారు. నష్టం ఎవరికి? కండెలు చుట్టిన చేతులకు, నాడె విసిరిన చేతులకు.

గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఈ ప్రాంతంలో ఈ పద్ధతిలో నేసిన చీరకే ఆ పేరు చెల్లుతుంది. చేనేత బట్టను గుర్తుపట్టడానికి 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ అనే గుర్తు వచ్చింది. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినం నాడు, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ అనే మరో గుర్తు వచ్చింది. మీ చీరకు అలాంటి గుర్తు ఉంటే దాని ఫొటో కూడా వరుసలో పెట్టాలి.

ఒక చీరకు 12 ఫొటోలు చాలు. వరుస ఇట్లా పెట్టవచ్చు.

01 చీర మొత్తం
02 అంచు
03 కొంగు
04 ఒంటి భాగం
05 కుట్టు, దగ్గర నుంచి
06 కుట్టు, తిరగేసి
07 జరీ పని, దగ్గర నుంచి
08 రవిక గుడ్డ
09 మడత పెట్టిన చీర
10 మగ్గం మీద నేస్తున్న చీర
11 చేనేత గుర్తు
12 పొడవు, ధర రాసిన కాగితం

చేసే పద్ధతి

1. ఫొటోలను ఒక ఫోల్డర్‌లో పెట్టాలి. ఫోల్డర్ అంటే సంచి లాంటిది. ఒక చీరకు ఒక సంచి. రెండు చీరల ఫొటోలు కలపకూడదు.

2. పనికిరాని ఫొటోలు తీసేయాలి. చేయి కదిలి మసకబారినవి వద్దు. ఒకే తీరుగా ఉన్నవి రెండు వద్దు.

3. పేర్లు పెట్టాలి. 01, 02, 03 అని రాయాలి. ముందు సున్న మరవవద్దు. ఫొటోలు వంద దాటితే 001, 002 అని రెండు సున్నలు పెట్టాలి.

4. స్లైడ్ షో పేజీని బ్రౌజర్‌లో తెరవాలి. కంప్యూటర్ అయితే ఆ పేజీ మీద రెండుసార్లు టకటకా నొక్కాలి.

5. ఫోల్డర్ ఎంచుకోమని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి మన సంచిని చూపాలి. కొన్ని పేజీలలో సంచికి బదులు ఫొటోలను ఎంచుకోమంటుంది. అప్పుడు కావలసిన ఫొటోలన్నీ ఎంచుకోవాలి.

6. ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పాలి. క్షణాలను అంకెల్లో రాయాలి. దీన్నే సెకన్లు అంటారు.

7. మూడు మూలల గుర్తు నొక్కాలి. బొమ్మలు నడుస్తాయి.

గుర్తులు చదువుదాం

మీటల మీద పేర్లు చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటాయి. భయం లేదు. గుర్తులు అన్నిచోట్లా ఒకటే.

పక్కకు తిరిగిన మూడు మూలల గుర్తు: నడుపు. దీన్ని ప్లే అంటారు.

రెండు నిలువు గీతలు: ఆపు. దీన్ని పాజ్ అంటారు. మగ్గం మీద పక్కపక్కన నిలిచిన రెండు పోగులు అనుకోండి.

కుడి వైపు బాణం: ముందు బొమ్మకు పో.

ఎడమ వైపు బాణం: వెనుక బొమ్మకు రా.

నాలుగు మూలలు ఉన్న గుర్తు: తెర నిండా చూపు.

కంప్యూటర్ మీటలు కూడా ఈ పని చేస్తాయి. కుడి బాణం మీట నొక్కితే ముందుకు, ఎడమ బాణం మీట నొక్కితే వెనక్కి పోతుంది. కింద పొడుగ్గా ఉండే మీట పేరు స్పేస్. చాలా ప్రోగ్రాంలలో దాన్ని నొక్కితే బొమ్మ ఆగుతుంది. మళ్లీ నొక్కితే నడుస్తుంది. తెర నిండా ఉన్న బొమ్మ చిన్నది కావాలంటే ఎడమ వైపు పై మూలన ఉన్న ఎస్కేప్ మీట నొక్కాలి. ఫోనులో అయితే వేలితో పక్కకు తోస్తే బొమ్మ మారుతుంది. రెండు వేళ్లు పెట్టి దూరం జరిపితే బొమ్మ పెద్దదవుతుంది.

లెక్క చేద్దాం

12 ఫొటోలు ఉన్నాయి. ఒక్కొక్కటి 2 సెకన్లు నిలిస్తే ఎంతసేపు పడుతుంది?

12 × 2 = 24 సెకన్లు. అర నిమిషం కూడా కాదు. కుట్టు చూసే టైము ఉండదు.

ఒక్కొక్కటి 5 సెకన్లు నిలిస్తే?

12 × 5 = 60 సెకన్లు. అంటే 1 నిమిషం. ఇది నయం.

ఒక్కొక్కటి 10 సెకన్లు నిలిస్తే?

12 × 10 = 120 సెకన్లు. అంటే 2 నిమిషాలు. మాట్లాడుతూ చూపడానికి బాగుంటుంది.

సినిమాలో ఒక్క సెకనుకు 24 బొమ్మలు పోతాయి. అందుకే అవి కదిలినట్టు కనబడతాయి. స్లైడ్ షో సినిమా కాదు. ఇది చూసి ఆలోచించడానికి. కాబట్టి తొందర వద్దు.

చీరకే కాదు, పంటకు కూడా

వనపర్తి వైపు యాసంగిలో పల్లి వేసే రైతులు చాలామంది. చేలో కలుపు తీసేది, కాయ తెంపేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆకు మీద మచ్చ వస్తే ముందు కనబడేది కూడా వాళ్లకే.

పల్లి ఆకు మచ్చను తిక్కా తెగులు అంటారు. ఇది రెండు రకాలు. ముందుగా వచ్చే మచ్చ గోధుమ రంగులో ఉంటుంది. చుట్టూ పసుపు రంగు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగు వైపు నల్లగా కనబడుతుంది. కాబట్టి ఆకు పైభాగం ఒక్కటే ఫొటో తీస్తే సగం సంగతే తెలుస్తుంది.

అందుకే వ్యవసాయ అధికారికి చూపే ఫొటోలు కూడా వరుసలో ఉండాలి. 01 చేను మొత్తం. 02 ఒక మొక్క. 03 ఆకు పైభాగం. 04 ఆకు అడుగు. 05 కాయ. అధికారి అడుగు ఆకు దగ్గర ఆగకుండా పోతే, "సార్, గిది ఆపి చూడుండ్రి" అని చెప్పాలి. మనకు ఆపడం వస్తే మనమే ఆపి చూపవచ్చు. సరైన మందు తెలిస్తే డబ్బులు మిగులుతాయి. తప్పు మందు కొడితే పంటా పోతుంది, అప్పూ మిగులుతుంది.

కూలి చీటీ దగ్గర ఆగాలి

ఇక నాగర్‌కర్నూల్ వైపు పోదాం. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాను 2016 అక్టోబరు 11న విడదీశారు. ఆనాడే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు మారినా, పని కోసం దూరం పోయే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

ఒక గుంపు మేస్త్రి లెక్క చెప్పడానికి వచ్చాడు అనుకుందాం. హాజరు చీటీలు, అడ్వాన్సు చీటీలు, కూలి చీటీలు అన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. "చూడుండ్రి, అన్నీ ఉన్నయి" అని వేలితో తోస్తూ పోతాడు. ఒకటి వెనుక ఒకటి గబగబా పోతాయి. అందరూ తల ఊపుతారు. ఎవరికీ ఏమీ కనబడదు.

అక్కడ చదువు వచ్చిన ఒక అక్క ఉంటే ఏం చేస్తుంది?

"ఆగన్నా. రెండు బొమ్మలు వెనక్కి పో. ఆ చీటీ పెద్దగ చెయ్యి. నేను చదువుత."

చదువుతుంది. పేరు చూస్తుంది. తేదీ చూస్తుంది. ఎన్ని రోజులు రాశారో చూస్తుంది. మనిషి 14 రోజులు పని చేస్తే చీటీలో 11 అని ఉందా? అయితే 3 రోజుల కూలి ఎక్కడ పోయింది? నెమ్మదిగా అడుగుతుంది. తన నోటు పుస్తకంలో రాసుకుంటుంది.

ఆమె కోపం చేయలేదు. గొడవ చేయలేదు. బొమ్మను ఆపింది, చదివింది. అంతే. కానీ ఆ ఇంటికి మూడు రోజుల కూలి మిగిలింది.

మహిళా సంఘం మీటింగులో కూడా ఇంతే. లెక్కల పుస్తకం ఫొటోలు తెర మీద చూపితే, ప్రతి పేజీ దగ్గర ఆగమని అడగండి. పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అని చదవండి. చదివిన తరవాతనే సంతకం పెట్టండి.

ఫొటో తీసే తీరు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు పస్తాపూర్ ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలతో పని చేస్తూ వచ్చింది. ఆ సంఘాల పేద మహిళలు 1990ల చివరలో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చదువు రానివాళ్లు కూడా ఉన్నారు. తమ పంటల మీద, విత్తనాల మీద తామే వీడియోలు తీశారు. కెమెరా పట్టే తీరుకు వాళ్లు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషి కన్నుకు సమానంగా కెమెరా పట్టి తీస్తే దాన్ని సంఘం షాట్ అన్నారు. ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు.

మనం కూడా నేతపని చేసే అక్క ఫొటో తీసేటప్పుడు పై నుంచి కిందికి తీయవద్దు. ఆమె కన్నుకు సమానంగా కూర్చుని తీద్దాం. చీర ఫొటో మాత్రం వెలుతురులో తీయాలి. ఎండ నేరుగా పడితే రంగు వెలిసినట్టు వస్తుంది. వాకిట్లో నీడ పట్టున, పగటి వెలుతురులో తీస్తే అసలు రంగుకు దగ్గరగా వస్తుంది.

జాగ్రత్తలు

మన యంత్రంలో ఉన్న ఫొటోలను బ్రౌజర్‌లో చూడటం వేరు. నెట్‌లోకి ఎక్కించడం వేరు. అప్‌లోడ్ అనే మాట కనబడితే ఆగండి. అప్‌లోడ్ అంటే మన ఫొటో బయటి యంత్రంలోకి పోతుంది. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

నెట్ ఆపినా నడిచే ప్రోగ్రాం మేలు. నెట్ ఆపి ఉన్నంతసేపు ఫొటో ఎక్కడికీ పోదు.

కొత్త డిజైన్ చీర ఫొటో అందరికీ పంపేముందు ఇంట్లో మాట్లాడుకోండి. ఆ నమూనా చూసి వేరేవాళ్లు మర మీద నేయవచ్చు. కొన్ని రకాల బట్టలు చేనేతకే ఉండాలని 1985లో చట్టం వచ్చింది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి.

మనిషి ఫొటో అయితే ఆ మనిషిని అడిగి తీయండి. అడిగి చూపండి. పిల్లల ఫొటోలు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫొటోలు చీర ఫొటోల సంచిలో కలపవద్దు.

ఫొటోలు చూడటానికి డబ్బు కట్టమన్నా, ఓటీపీ అడిగినా చెప్పవద్దు. డబ్బు మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

గుర్తుంచుకుందాం

2011 జనాభా లెక్కల్లో నేటి గద్వాల జిల్లా ప్రాంతంలో 100 మందిలో సుమారు 50 మందికే చదువు వచ్చు. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. చదువు రాని రోజుల్లో చదివినవాళ్ల వేగంతో మనం నడిచాం. వాళ్లు పేజీ తిప్పితే తిరిగింది. వేలిముద్ర వేయమంటే వేశాం.

పుస్తకంలో ఒక గుణం ఉంది. అర్థం కాకపోతే ఆ వాక్యం దగ్గర ఆగవచ్చు. మళ్లీ చదవవచ్చు. బొమ్మలు అట్లా కాదు, వాటంతట అవే పరుగెడతాయి. కానీ రెండు నిలువు గీతల గుర్తు మనకు తెలిస్తే బొమ్మ కూడా పుస్తకం లాగా ఆగుతుంది. ఆగిన బొమ్మను చూడవచ్చు. చూసినదాన్ని అడగవచ్చు. అడిగినదానికి జవాబు రాబట్టవచ్చు.

చేసి చూద్దాం

1. మీ ఫోనులో ఉన్న ఐదు ఫొటోలు ఎంచుకోండి. వాటిని ఏ వరుసలో పెడితే కథ తెలుస్తుందో కాగితం మీద 01 నుంచి 05 వరకు రాయండి.

2. పక్కింటి అక్కను కూర్చోబెట్టి ఆ ఫొటోలు చూపండి. ఆమె ఎక్కడ "ఆపు" అన్నదో రాసుకోండి. ఎందుకు ఆపమన్నదో అడగండి.

3. ఈ పేర్లను సరిచేసి రాయండి: 1, 10, 2, 7, 11.

చెప్పండి, రాయండి

1. ముందు సున్న పెడితే ఏమి మారుతుంది? ఏమి మారదు?

2. గద్వాల చీరలో కుట్టు అంటే ఏమిటి? అది ఫొటోలో ఎందుకు కనబడాలి?

3. 20 ఫొటోలు ఉన్నాయి. ఒక్కొక్కటి 6 సెకన్లు నిలుస్తుంది. మొత్తం ఎన్ని నిమిషాలు?

4. మీ ఇంట్లో, మీ సంఘంలో ఏ కాగితం దగ్గర ఆగి చదవాలి? దాని పేరు రాయండి.

కొత్త మాటలు

బ్రౌజర్: పేజీలు తెరిచి చూపే ప్రోగ్రాం
స్లైడ్ షో: బొమ్మల వరుస ఆట
ఫోల్డర్: ఫొటోలు పెట్టే సంచి
పాజ్: ఆపు
అప్‌లోడ్: బయటి యంత్రంలోకి ఎక్కించడం